మిరపకోతలప్పుడు ఆగిపోయిన గీత

నరసరావుపేట,
ఆగస్టు 11

చిరంజీవులైన అమ్మాయిలకు, అబ్బాయిలకు,



తల్లిపాల వారోత్సవాలని పోయిన వారం మీ కాలేజీకి నన్ను పిలిచారు. శాలువా కప్పారు, కుండీలో మొక్క ఒకటి చేతికిచ్చారు, మాట్లాడమని పది నిమిషాలిచ్చారు. అందులో నాలుగు నిమిషాలు మైకు మింగేసింది. మిగిలిన ఆరు నిమిషాల్లో ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఊరూరా చెప్పిన పాఠమే మళ్లీ అప్పజెప్పాను: పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలూ తల్లిపాలే, ఆరు నిండగానే పైబువ్వ, రెండేళ్ల దాకా, ఆ పైన కూడా పాలు మాన్పించొద్దు. అమ్మాయిలు తలవంచుకుని విన్నారు. అబ్బాయిలు వెనక బెంచీల్లో ఫోన్లు చూసుకున్నారు. మిమ్మల్ని అనను. ఇది ఆడవాళ్ల సంగతి, మనకెందుకు అని మీకు ఉగ్గుపాలతో నేర్పింది మేమే.

చివర్లో ఒక అబ్బాయి లేచాడు. “మేడమ్, మీరింతకాలం చెప్తూనే ఉన్నారు కదా. అయినా పిల్లలు బక్కగానే ఉంటున్నారంటే తల్లులకు ఇంకా తెలియడం లేదనేనా అర్థం?” అన్నాడు.

“అవును బాబూ, అవగాహన పెంచాలి” అని ఏదో సర్దేసి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనిచ్చిన జవాబు అబద్ధం. అది అబద్ధమని ఉద్యోగంలో చేరిన నాలుగో ఏటనే తెలుసుకున్నదాన్ని, మైకు ముందుకు రాగానే మళ్లీ పాత పాటే పాడాను. అందుకే ఈ ఉత్తరం. ముందు అబ్బాయిలు చదవండి, తర్వాత అమ్మాయిలకివ్వండి.

నేను అంగన్‌వాడీ టీచరుగా చేరింది 1984లో. దేశంలో ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న 33 చోట్ల మొదలైంది, మా పల్లె దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. దూలానికి గుండ్రటి సాల్టర్ తూకం వేలాడదీసి, లాగులాంటి గుడ్డసంచిలో పిల్లల్ని దించి, నెలనెలా బరువు చూడాలి. చార్టులో చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో గీత కలపాలి. గీత పైకి పాకుతుంటే బిడ్డ పెరుగుతున్నట్టు. అడ్డంగా పడుకుందంటే ఎక్కడో తేడా వచ్చినట్టు. అప్పుడు తల్లిని కూర్చోబెట్టి చెప్పాలి. నేను బాగానే చెప్పేదాన్ని. గొంతు కూడా పెద్దది.

ఒకసారి వేసవి సెలవుల్లో చార్టులన్నీ నేల మీద పరిచి రిపోర్టు రాసుకుంటుంటే ఒక వింత కనబడింది. చాలామంది పిల్లల గీతలు ఒకే సమయంలో పడుకున్నాయి. సంక్రాంతి వెళ్లాక ఆగిపోయి, ఉగాది దాటాక మళ్లీ లేచాయి. పాత ఏటి చార్టులు తీశాను, అవీ అంతే. జ్వరాలా అనుకున్నా, చలికాలం దగ్గులా అనుకున్నా. ఏ కాలంలో ఏమవుతుందో పల్నాడులో పుట్టిన దాన్ని నాకే తట్టలేదు చూడండి. అవి మిరపకోతల రోజులు.

ఆ మరుసటేడు ఫిబ్రవరిలో ఒక పిల్ల, పది నెలలది, రెండు నెలలుగా ఆరు కిలోల దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాళ్లింటికి వెళ్లాను. తల్లి అప్పుడే చేలోంచి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఒళ్లో బిడ్డ లేదు, ముందర ఒక సత్తు గిన్నె ఉంది. గిన్నెలో పుల్లమజ్జిగ, మజ్జిగలో మణికట్టు దాకా ఆమె చేతులు. నేను నిలబడే మొదలుపెట్టాను. పప్పు ఇట్లా మెదపాలి, నెయ్యి ఇంత వెయ్యాలి, రోజుకు ఇన్నిసార్లు పెట్టాలి. ఆమె చివరిదాకా విన్నది.

“టీచరమ్మా, నువ్వు చెప్పేదంతా నాకు నోటికొచ్చు. పెట్టే చేతులు ఇయ్యి” అని మజ్జిగలోంచి తీసి చూపించింది.

వేళ్ల కొసలు ఎర్రగా కమిలి, తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. పొద్దుగూకులూ కాయలు కోసిన చేతులతో బిడ్డ మూతి తుడిచినా కేరుమంటుందట. రవికె మీద ఘాటు ఉంటుంది కాబట్టి వచ్చీ రాగానే పాలివ్వడానికి లేదు, నీళ్లు పోసుకోవాలి. నీళ్లు పోసుకునే లోపల బిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోతుంది. పగలంతా ఆ బిడ్డకు తిండి పెట్టేదెవరో తెలుసా? తొమ్మిదేళ్ల అక్క. పొద్దున్నే తల్లి వండి పోయిన అన్నంలో చారునీళ్లు పోసి, తనకు తోచినప్పుడు, తనకు తోచినంత. బడి రిజిస్టరులో ఆ పిల్ల పేరుంది, హాజరు లేదు.

ఇంకొక మనిషి కూడా అక్కడున్నాడు. మొగుడు. ఎదురుగా నులకమంచం మీద బీడీ కాల్చుకుంటూ నేను చెప్పేదంతా విన్నాడు. చెడ్డవాడు కాదు, తాగుబోతూ కాదు, మిరపకాయలు కొయ్యడు కాబట్టి చేతులు కూడా శుభ్రంగానే ఉన్నాయి. అన్ని నెలల్లో నేను అతని వైపు తిరిగి ఒక్క ముక్క చెప్పలేదు. అతనికి చెప్పాలని నాకు తోచనే లేదు. నా పుస్తకంలో ‘తల్లికి సలహా ఇవ్వబడినది’ అని రాయడానికి ఒక గడి ఉండేది. తండ్రికి గడి లేదు.

ఆ సాయంత్రం తర్వాత నేను ‘ఎందుకు పెట్టడం లేదు’ అని ఏ తల్లినీ అడగలేదు అని రాస్తే బాగుండేది. అడిగాను, చాలాసార్లు. అలవాటు అంత తొందరగా పోదు. కానీ అడిగిన ప్రతిసారీ ఆ సత్తు గిన్నె గుర్తొచ్చేది.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది కదా, ఊళ్లో కరువు పని అంటారు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని పనిచోటుకు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని అందులో రాశారు. ఎంత మంచి మాట! తల్లి మనసు బాగుపడాలని కాకుండా, తల్లి పక్కన ఇంకొక మనిషి ఉండాలని రాసిన మాట. మీలో సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ చదివేవాళ్లున్నారు. రేపు మీరు మండలంలో కూర్చున్నప్పుడు పనిచోట చెట్టు కింద పిల్లలున్నారా, వాళ్ల దగ్గర మనిషి ఉందా చూడండి. మిరపచేలకైతే ఆ మాత్రం రాత కూడా లేదు.

ఇక నా సొంత కథ. పరువు తక్కువే అయినా చెప్పాలి.

1981లో నా మొదటి కాన్పు. పుట్టింట్లో పురుడు, పట్నంలో ఆస్పత్రి. బాబు పుట్టగానే మా పెద్దమ్మ ముర్రుపాలు పిండి పారబోయించింది, అవి మాసిన పాలు, అరగవు అని. ఆయా పంచదార నీళ్లు దూదితో పిండింది. మూడో రోజు వీధిలో గాడిదను తోలుకొచ్చినవాడి దగ్గర ఉగ్గుగిన్నెడు పాలు కొని పట్టారు, ఆయాసం రాకుండా ఉంటుందని. నాకు పాలు పడలేదని నాలుగో రోజు తీర్మానం చేశారు. తీర్మానం అనే అంటాను, ఎందుకంటే గదిలో ఏడుగురు ఆడవాళ్లున్నారు, అందరూ మాట్లాడారు, నేను తప్ప. ఐదో రోజు ఆస్పత్రిలోనే ఒకరు ఫలానా డబ్బా మంచిదని చీటీ రాసిచ్చారు. మా ఆయన సైకిలేసుకుని వెళ్లి తెచ్చాడు. డబ్బా మీద బూరెబుగ్గల పాపాయి బొమ్మ. నా బక్క బిడ్డను, ఆ బొమ్మనూ మార్చి మార్చి చూసి నేనే తప్పు చేసినదాన్ననుకున్నాను.

తర్వాత శిక్షణలో నేర్చుకున్నాను. మొదటి రోజు బిడ్డ ఒక్కో విడత తాగేది చెంచాడే. ముర్రుపాలు కొంచెమే వస్తాయి, కొంచెమే కావాలి. పాలు చెలమలో నీళ్లలాంటివి, తోడినకొద్దీ ఊరతాయి. బిడ్డ చీకితేనే ఒంటికి కబురందుతుంది. సీసా పట్టిన ప్రతిసారీ ఒక పూట చీకడం తగ్గుతుంది, చీకడం తగ్గితే ఊరడం తగ్గుతుంది, అప్పుడు ‘చెప్పలేదూ, పాలు లేవని’ అంటారు. పాలు లేవని సీసా పట్టలేదు, సీసా పట్టారు కాబట్టి పాలు లేవు. ఈ సంగతి నాకు తెలిసేసరికి మా వాడు బడికి పోతున్నాడు.

మా పెద్దమ్మ మీద నాకు కోపం లేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ చదువుకున్నవాళ్లకు అమ్మమ్మల్నీ అత్తల్నీ మూఢనమ్మకాల ఖాతాలో రాసెయ్యడం తేలిక. నలభై రోజులు నాకు పొయ్యి దగ్గరకు పోయే పని లేకుండా చేసింది ఆవిడే. రాత్రి బిడ్డ లేస్తే ముందు లేచింది ఆవిడే. పాల సొర పిట్టు వండి పెట్టింది, వెల్లుల్లి వేయించి నెయ్యన్నంలో కలిపి పెట్టింది. తనకు తన అత్త చెప్పింది నాకు చెప్పింది. మంచీ చెడ్డా రెండూ ఒకే చేత్తో వడ్డించింది. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఆమెను పక్కకు నెట్టి గూగుల్ చూడకండి. ఆమెను కూడా డాక్టరు గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. వినాల్సింది కోడలొక్కతే కాదు.

పథ్యం మాట వేరు. అక్కడ మాత్రం నేను రాజీపడను. బాలింతకు పండు పెడితే బిడ్డకు జలుబు, పెరుగు పెడితే పడిశం, ఆకుకూర పెడితే విరేచనాలు, నీళ్లెక్కువ తాగితే పొట్ట. ఇన్ని తీసేస్తే మిగిలేది కారప్పొడి అన్నం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ తినేదాని మీద ఇంకో 600 కేలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి లెక్క. అంటే రెండు మంచి పూటల టిఫిను. మన ఇళ్లల్లో ఆమె పళ్లెం పెరగాల్సిన రోజుల్లోనే తరుగుతుంది.

డబ్బా సంగతికొస్తా. నా కాన్పు జరిగిన ఏడాదే, 1981 మేలో, ప్రపంచ ఆరోగ్య సభలో పాలపొడి కంపెనీలు ఎలా అమ్ముకోవాలో, ఎలా అమ్ముకోకూడదో ఒక నియమావళి పెట్టారు. 118 దేశాలు సరే అన్నాయి, వద్దన్నది అమెరికా ఒక్కటే. మన దేశంలో చట్టమైంది 1992లో, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల తిండికి ప్రకటనలుండకూడదు, ఉచిత శాంపిళ్లు ఇవ్వకూడదు, ఆస్పత్రివాళ్లకు కానుకలివ్వకూడదు, డబ్బా మీద పాపాయి బొమ్మ వెయ్యకూడదు. నన్ను ఏడిపించిన ఆ బూరెబుగ్గలు అలా పోయాయి. ఇప్పుడు మీరు మందుల షాపులో డబ్బా తిప్పి చూస్తే బిడ్డకు తల్లిపాలే మేలని డబ్బాయే చెప్తుంది. కానీ ఆ డబ్బా ఎవరి నోటి మాటగా ఇంట్లోకొస్తుందో ఏ చట్టం కాపలా కాస్తుంది? ‘మా అక్క కొడుక్కి ఇదే పట్టాం, ఎలా ఉన్నాడో చూడు’ అనేది ఏ కంపెనీ ప్రకటనా కాదు, అన్ని ప్రకటనల కంటే బలమైనది అదే. ఇప్పుడా మాట ఫోన్లో వీడియోగా వస్తోంది, ఒక నవ్వు మొహం అమ్మాయి చేతిలో బిడ్డతో.

డబ్బా నిజంగా కావాల్సిన బిడ్డలూ ఉంటారు. తల్లి లేని బిడ్డ, తల్లికి పెద్ద జబ్బు చేసిన బిడ్డ. వాళ్లకు డాక్టరు చెప్పినట్టు పట్టాల్సిందే. పట్టిన తల్లిని పేరంటంలో కూర్చోబెట్టి నాలుగు మాటలనేవాళ్లను చూశాను. నా చేతిలో ఉంటే వాళ్లకు వాయనం ఇవ్వను.

ఆపరేషన్ల గురించి ఒక ముక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటిది, చూడండి. దేశంలో నూటికి 21.5 కాన్పులు కోతతో అవుతుంటే ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. కోత కాన్పుకీ తల్లిపాలకీ శత్రుత్వమేమీ లేదు. కానీ తల్లి మత్తులో, నొప్పిలో ఒక గదిలో ఉంటుంది, బిడ్డ ఇంకొక గదిలో ఉంటుంది, మధ్యలో ఉన్నవాళ్లు కంగారు పడతారు. గంటలోపు పాలు అందుకున్న పిల్లలు దేశం మొత్తం మీద నూటికి 41.8 మందే. ఆ మొదటి గంటలో తల్లికి మాట్లాడే ఓపిక ఉండదు. తలుపు దగ్గర నిలబడి ‘సిస్టర్, బిడ్డను ఆమె రొమ్ము దగ్గర పెట్టారా?’ అని అడగాల్సింది మీరు, అబ్బాయిలు. స్వీట్లు పంచడం రెండో గంటలో చెయ్యొచ్చు.

ఆరు నెలలు దాటాక కథ మారుతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుందని నా నమ్మకం, వారోత్సవాల్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే తాగే పిల్లలు అదే సర్వేలో, దేశం మొత్తం మీద, నూటికి 63.7 మంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా వయసుకు తగినంత, తగిన రకాల తిండి అందే పిల్లలు ఎంతమందో తెలుసా? నూటికి 11.3. నూటికి ఎనభై తొమ్మిది ఇళ్లు గతిలేని ఇళ్లు కావు కదా. మేడల్లోనూ పిల్లలు నీళ్లు తాగి పెరుగుతున్నారు.

నీళ్లు అన్నది ఊరికే అనలేదు. అన్నప్రాసన ఘనంగా చేస్తాం. పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి ముందు పెట్టి పాకిస్తాం, దేన్ని పట్టుకుంటుందా అని అందరం వంగి చూస్తాం, పరమాన్నం నాలిక్కి రాస్తాం. మర్నాటి నుంచి ఏం పెడతాం? పప్పు మీది తేట, అదే పప్పుకట్టు. అన్నం వార్చిన గంజి. చారు. బిడ్డకు గొంతు పట్టుకుంటుందని భయం, పల్చనిదయితే తేలిగ్గా అరుగుతుందని నమ్మకం. బిడ్డ పొట్ట మీ గుప్పిటంత. దాన్ని తేటతో నింపితే నిండుతుంది, బిడ్డ ఊరుకుంటుంది, తల్లి తిన్నదనుకుంటుంది, చార్టులో గీత పడుకుంటుంది. అడుగున ముద్దపప్పు పెద్దవాళ్ల కంచాల్లోకి పోతుంది. గిన్నె అడుగునున్నది బిడ్డకు, తేట మనకు, అలా తిరగెయ్యాలి. చెంచా వంచితే జారిపోకుండా నిలబడాలి బువ్వ, మీద ఒక చుక్క నెయ్యో నూనెయ్యో.

ఇది ఖరీదైన సంగతి కూడా కాదు. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై 1958లో హైదరాబాదుకు మారింది. వాళ్లు ఎప్పుడో హైదరాబాద్ మిక్స్ అని ఒకటి తయారు చేశారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, వేరుశనగ గుళ్లు 10, బెల్లం 20. దంచి కలిపితే 330 కేలరీలు, పదకొండు గ్రాములకు పైగా మాంసకృత్తులు. ఇందులో మన వంటింట్లో దొరకనిదేముంది? రంగుల డబ్బాలో వస్తే కొంటాం, తార్నాక వాళ్లు చెప్తే నవ్వుతాం.

ఆ సంస్థ వాళ్లే నల్గొండ జిల్లాలో 60 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు, ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. మూడు జట్లు. ఒక జట్టుకు ఎప్పుడూ అందే అంగన్‌వాడీ సేవలే. రెండో జట్టు ఇళ్లకు వెళ్లి ఏం పెట్టాలో చెప్పారు. మూడో జట్టుకు ఏం పెట్టాలో, దానితోపాటు ఎలా పెట్టాలో, బిడ్డతో ఎలా ఆడాలో కూడా చెప్పారు. చెప్పిన రెండు జట్లలోనూ పిల్లల తిండి మెరుగుపడింది. ఆటా మాటా కలిపిన మూడో జట్టు పిల్లలు మానసిక ఎదుగుదల పరీక్షలో ముందున్నారు. కాబట్టి చెప్పడం దండగ అని నేననడం లేదు. ఇంటికి వెళ్లి, గిన్నె పక్కన కూర్చుని చెప్పడం వేరు, తూకం దగ్గర క్యూలో నిలబెట్టి కేకలేయడం వేరు. నేను రెండోది ఎక్కువ చేశాను.

ఎలా పెట్టాలో అన్నాను కదా. మా తరంలో కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా వేసి, చేతులు పట్టుకుని పోసేవాళ్లం. మింగకపోతే ముక్కు నొక్కేవాళ్లం కూడా. బిడ్డ మొహం తిప్పుకుంటే చాలని చెప్తోందని, నోరు తెరిచి ముందుకు వంగితే ఇంకా అడుగుతోందని మాకెవరు చెప్పారు? ఇప్పుడు మీరు ఫోన్లో బొమ్మలు పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద తోస్తున్నారు. మిమ్మల్ని తిట్టబోతే మా ముక్కు నొక్కుడు గుర్తొచ్చి ఆగిపోతున్నాను. రెంటిలోనూ పెట్టేవాళ్లకు తొందర, అంతే. తొందర ఎందుకొచ్చిందని అడగాలి.

ఇక గుడ్డు. అంగన్‌వాడీ నుంచి బాలింతకు గుడ్లిచ్చి పంపేవాళ్లం. ఇంటికెళ్లాక ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. చంటిబిడ్డకిచ్చే బాలామృతం ప్యాకెట్టు నెలకు సరిపోవాలి, ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పది రోజుల్లో అయిపోయేది. అది దొంగతనం కాదు. ఒక పిల్ల తింటుంటే ఇద్దరు పిల్లలు చూస్తూ కూర్చోవడం ఏ తల్లీ ఓర్చుకోలేదు. ఇళ్లకిచ్చేది బాలింత నోటిదాకా పోవడం లేదనే, కేంద్రంలోనే కూర్చోబెట్టి ఒక పూట నిండుగా భోజనం పెట్టాలని తెలంగాణలో 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి తెచ్చారు, ఆంధ్రలోనూ ఆ పద్ధతి వచ్చింది. మంచి ఆలోచన. అప్పుడు కొత్త మాటలు వినబడ్డాయి. ‘కోడలు ఊరి మధ్యకెళ్లి కూర్చుని తినడమేంటి?’ ‘ఆ సెంటరు ఆ వాడలో ఉంది కదా, అక్కడ వండేది ఎవరు?’ రెండో మాట గొంతు తగ్గించి అనేవాళ్లు. పప్పు, పాలు, గుడ్డు అన్నీ ఉండి, ఆకలి కూడా ఉండి, కులం అడ్డమొచ్చి ఖాళీగా పడున్న పీటల్ని నేను నా కళ్లతో చూశాను. దాన్ని ఏ పోషకాహార పట్టికలో రాయను?

మీలో ఉద్యోగాలకు పోబోయే అమ్మాయిలకు ఒకటి చెప్పాలి. 2017లో చట్టం మార్చాక ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. యాభై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసే గది ఉండాలి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం అడిగే హక్కు ఉంది, అది 1961 నుంచీ ఉంది. అడగండి. అడిగితే ఉద్యోగమిచ్చినవాళ్లు మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి. మిరప కోసే ఆమెకు చిట్లించడానికి కూడా ఎవరూ లేరు.

అమెరికా వెళ్లేవాళ్లూ ఉంటారు మీలో. అక్కడ జీతంతో కూడిన ప్రసూతి సెలవు దేశమంతటికీ వర్తించే చట్టంగా లేనే లేదు, 1993 చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అందరికీ కాదు. అందుకే మా వీధిలో వియ్యపురాళ్లు ఆర్నెల్లు ఒకరు, ఆర్నెల్లు ఒకరు వంతులేసుకుని విమానాలెక్కుతున్నారు, సూట్‌కేసులో కాయం ముద్దలు, శొంఠిపొడి సర్దుకుని. నవ్వొస్తుంది గానీ, ఆ సూట్‌కేసులో పోతున్నది రెండు చేతులు. వీసా అయిపోయి ఆ చేతులు వెనక్కొచ్చాక అక్కడ ఆ తల్లి ఒక్కతే.

ఉత్తరం పొడుగైంది. చెప్పాలనుకున్నవి ఇంకా ఉన్నాయి, ఐదు రూపాయల కారపు ప్యాకెట్ల సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. ఏడాది పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చేతిలో పెట్టడానికి తాతకు దొరికే అతి చవక ముద్దు అది. దాని గురించి మరోసారి.

మా ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన జంట ఉన్నారు. బిడ్డకు ఏడో నెల. అతను పొద్దున ఎనిమిదింటికి గుంటూరు బస్సెక్కుతాడు, రాత్రి తొమ్మిదికి వస్తాడు. ఆమె మొన్న నన్నాపి “అమ్మమ్మగారూ, పాప ఏమీ తినట్లేదు, ఏం పెట్టమంటారు?” అని అడిగింది. నోటిదాకా వచ్చింది మొత్తం పాఠం. మింగేసి, “నువ్వు పొద్దున ఏం తిన్నావు?” అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది, టీ తాగానంది. అప్పుడు పదకొండున్నర.

ఆ రోజు నుంచీ పదింటికి వాళ్లింటికి వెళ్తున్నాను. అంట్లు తోముతాను, పొయ్యి మీద పప్పు చూస్తాను, బట్టలారేస్తాను. ఆమె టిఫిను తిని, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముద్ద పెడుతుంది. నేనింతవరకూ ఒక్క సలహా చెప్పలేదు, అది నాకెంత కష్టమో మా ఆయన్నడగండి. ఆదివారం మాత్రం వెళ్లను. ఆదివారం అతను ఇంట్లో ఉంటాడు. పోయిన ఆదివారం కిటికీలోంచి చూశాను, లుంగీ ఎగ్గట్టి సింకు దగ్గర నిలబడ్డాడు, ఒక గిన్నెను పావుగంట తోమాడు.

పది కావస్తోంది. ఉంటాను.

మీ,
అంగన్‌వాడీ అమ్మమ్మ

తాజాకలం: ఆ ప్రశ్న అడిగిన అబ్బాయి పేరు అడగడం మర్చిపోయాను. ఈ ఉత్తరం అతనికి ఎవరైనా చూపించండి.